బేస్‌మెంట్‌లో చెమర్చిన ఆయిల్ ట్యాంకు: మాసచూసెట్స్‌లోని ఒక ఇంటి కేసు

ఈశాన్య అమెరికాలో సహజవాయువు గొట్టాలు చేరని పట్టణాలు నేటికీ చాలానే ఉన్నాయి. అక్కడి ఇళ్లు చలికాలమంతా నంబర్ 2 హీటింగ్ ఆయిల్ మీద ఆధారపడతాయి. ఇది దాదాపుగా డీజిలే. రోడ్డు పన్ను కట్టని ఇంధనమని గుర్తు తెలియడానికి ఎర్ర రంగు కలుపుతారు. ట్యాంకర్ లారీ వచ్చి, బయటి గోడ దగ్గరున్న ఫిల్ పైపు గుండా బేస్‌మెంట్‌లోని ట్యాంకును నింపి వెళ్తుంది. ట్యాంకు నుంచి సన్నని రాగి గొట్టం బర్నర్ దాకా పోతుంది. బర్నర్ మంటతో బాయిలర్‌లో కాగిన నీరు ఇల్లంతా తిరిగి గదులను వెచ్చబరుస్తుంది.

బోస్టన్‌కు పడమట ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో లాంటి పట్టణాల చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ ఏర్పాటు పూర్తిగా కొత్త. ఇంటిని వేడి చేసుకోవలసిన అవసరమే లేని చోటి నుంచి వచ్చినవారికి అది కొత్తగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. మన ఊళ్లో గ్యాస్ సిలిండర్ కంపెనీది. దాని పరీక్ష గడువు మెడ పట్టీ మీదే రాసి ఉంటుంది. బాగాలేకపోతే మార్చి ఇస్తారు. ఈ ట్యాంకు మాత్రం ఇంటివాళ్ల సొంతం, దాని గడువు ఎక్కడా రాసి ఉండదు, కారితే బాధ్యత కూడా వాళ్లదే. నేను రాష్ట్ర అగ్నిమాపక సేవల శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆయిల్ బర్నర్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కింద రాసిన కేసులో ఇంటివాళ్లు నన్ను పిలిచింది ఒక లోపం కోసం; అంతకంటే పెద్ద లోపం మరొకటి కాంక్రీటు కింద దాగి ఉంది. ట్యాంకు మార్చాలనుకునే ప్రతి ఇంటివారూ ఆ రెండో దాని గురించి తెలుసుకోవాలన్న ఉద్దేశంతోనే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ఇల్లు, ఫిర్యాదు

వూస్టర్ కౌంటీలోని ఒక పట్టణంలో 1960ల నాటి రెండంతస్తుల ఇల్లు అది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన దంపతులు శరదృతువులో దాన్ని కొన్నారు. కొనేముందు చేయించిన తనిఖీ నివేదికలో ట్యాంకు గురించి "బయటికి బాగానే ఉంది, వయసు తెలియదు" అన్న ఒక్క వాక్యం ఉంది. జనవరిలో, బయట మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న రోజుల్లో, ఇంటావిడ ఫోన్ చేశారు. "బేస్‌మెంట్‌లో కిరోసిన్ వాసన వస్తోందండీ, చిన్నప్పుడు రేషన్ షాపులో వచ్చేదే, అచ్చం అదే వాసన" అన్నారు. ఆ పోలిక నాకు బాగా పనికొచ్చింది. బర్నర్ సరిగా మండకపోతే వచ్చేది పొగ వాసన. ఆవిడ చెప్పింది మండని ఇంధనం వాసన.

ట్యాంకు ఈ ప్రాంతంలో అందరి ఇళ్లలో కనిపించే 275 గాలన్ల రకం: 27 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల ఎత్తు, 60 అంగుళాల పొడవు, పైనా కిందా గుండ్రంగా వంగిన ఉక్కు తొట్టి, నాలుగు పైపు కాళ్లు. లీటర్లలో చెప్పాలంటే వెయ్యికి కొంచెం పైన. నిండినప్పుడు ఆయిల్‌తో కలిపి దాదాపు ఒక టన్ను బరువు ఆ నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. దీనికి ఎవరో దట్టంగా బూడిద రంగు పెయింట్ వేశారు, చూపుకు శుభ్రంగా కనిపిస్తోంది. టార్చిలైటు పట్టుకుని నేల మీద పడుకుని అడుగు భాగం చూస్తే, వెనక చివర, పెయింటు పొక్కులెత్తిన చోట, చింతగింజంత తడి మచ్చ కనిపించింది. తుడిచిన కొన్ని నిమిషాలకు అక్కడ మళ్లీ ఒక ఎర్రటి బిందువు తేలింది.

ఇలాంటి చోట చేయకూడని పని ఒకటుంది, ఇంటివాళ్లకు ముందుగా చెప్పేది అదే: ఆ మచ్చను వైరు బ్రష్‌తో రుద్దకూడదు, స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. లోపలి నుంచి తినేసిన ఉక్కు ఆ చోట కాగితమంత పలచగా మిగిలి ఉండవచ్చు. రుద్దితే చెమ్మ కాస్తా ధార అవుతుంది, ట్యాంకులో ఉన్న వందల లీటర్లు నేల మీదికి వస్తాయి. అయస్కాంతంతో అతుక్కునే పట్టీని మెల్లగా ఆనించి, కింద పళ్లెం పెట్టి, చుట్టూ ఆయిల్ పీల్చే ప్యాడ్లు పరిచాను. ఆ పట్టీ ఒక రాత్రి గడవడానికే. అది నిలిచిందని చెప్పి అలాగే వసంతం దాకా లాక్కొచ్చే ఇళ్లను చూస్తుంటాను, ప్రతిసారీ నాకు గుబులుగానే ఉంటుంది.

మరుసటి ఉదయం లైసెన్సున్న రవాణాదారు వచ్చి ట్యాంకును తోడివేశాడు. ఆ చలిలో బాయిలర్ ఆపితే గోడల్లోని నీటి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి కాబట్టి, పట్టణ అగ్నిమాపక శాఖకు చెప్పి, బర్నర్ మంటకు కనీసం 5 అడుగుల దూరంలో చిన్న తాత్కాలిక ట్యాంకు పెట్టి, దాని నుంచి కొత్త గొట్టంతో బర్నర్‌ను నడిపించాం.

నీరు ఎక్కడిది, చిల్లు ఎందుకు అక్కడే పడింది

బేస్‌మెంట్ ట్యాంకులు చాలావరకు లోపలి నుంచి, అడుగు వైపు నుంచి చెడిపోతాయి. ఆయిల్ నీటికంటే తేలిక; లోపలికి చేరిన ప్రతి నీటి బొట్టూ అడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది. నీటికీ ఆయిల్‌కూ మధ్యనున్న పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి; అవి ఆయిల్‌ను తిని ఆమ్లాలను, జిగురులాంటి మడ్డిని వదులుతాయి. ఆ మడ్డి కింద ఉక్కు సమానంగా అరగదు, అక్కడక్కడ గుంటలు పడుతుంది. మిగతా రేకు అంతా గట్టిగానే ఉండగా ఒక్క గుంట మాత్రం అవతలికి తేలుతుంది. పక్క గోడను వేలితో తట్టి చూసి "గట్టిగా ఉంది" అనడం ఇందుకే అర్థం లేనిది.

ఖాళీ చేసే ముందు కర్రకు నీటిని గుర్తించే పేస్టు పూసి, ట్యాంకు పైనున్న రెండు రంధ్రాల నుంచి దించి చూశాను. ముందు చివర, అంటే ఆయిల్ బయటికి పోయే వాల్వ్ ఉన్న వైపు, పేస్టు రంగు దాదాపు మారలేదు. వెనక చివర అంగుళంన్నర మేర మారింది. ట్యాంకు మీద లెవెల్ (రసమట్టం) పెట్టి చూస్తే కారణం తెలిసింది. ట్యాంకును అమర్చేటప్పుడు ఆయిల్ బయటికి పోయే వైపుకు కొద్దిగా వాలేటట్లు, అడుగుకు పావు అంగుళం చొప్పున, పెట్టాలి. అప్పుడు చేరే కొద్దిపాటి నీరు ఎప్పటికప్పుడు ఫిల్టర్ గిన్నెలోకి వచ్చేస్తుంది, ఏటా సర్వీసులో పారబోస్తాం. ఇక్కడ వెనక కాళ్ల కింద నేల కుంగి, వాలు తిరగబడింది. వాల్వ్ కూడా అడుగున లేదు, చివరి గోడకు కొంచెం ఎత్తులో ఉంది. అందువల్ల సంవత్సరాల తరబడి చేరిన నీటికి బయటికి దారే లేక, వెనక మూల నిలిచిపోయింది.

అల్ట్రాసౌండ్ మందం కొలిచే పరికరంతో గళ్లు గీసినట్లు చోటు చోటుగా కొలిచాను. ఇలాంటి 12 గేజ్ ట్యాంకు రేకు కొత్తలో సుమారు 2.6 మిల్లీమీటర్లు ఉంటుంది. పక్క గోడలు 2.4 దగ్గర, అడుగు మధ్యలో 2.2 దగ్గర, వెనక చివర 1.1 దాకా దిగింది. చెమర్చిన మచ్చ పక్కన పరికరం అంకె చూపనేలేదు. ఒకటి రెండు చోట్ల కొలిచి సగటు చెప్పే పద్ధతిలో ఈ ట్యాంకు ఇంకా పదేళ్లు నడుస్తుందన్న నివేదిక వచ్చి ఉండేది. అందుకే కొలతలు తీసే వారిని ఎన్ని చోట్ల, ఏ వైపు కొలిచారో తప్పక అడగండి.

ఇక ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది? ట్యాంకులో గాలి చల్లబడినప్పుడు ఆవిరి నీరై గోడల మీద పడుతుందని అందరూ చెబుతారు. బయట ఆరుబయలులో ఉండే ట్యాంకుల్లో అది నిజంగా పెద్ద సంగతే. బేస్‌మెంట్‌లో ఉష్ణోగ్రత అంతగా మారదు కాబట్టి, ఇంత నీటికి ఆ కారణం చాలదనిపించి బయటికి వెళ్లి చూశాను. ఫిల్ పైపు మూత నేలకు జానెడు ఎత్తులో, సరిగ్గా ఇంటి చూరు కింద ఉంది. ఆ వైపు చూరుకు నీటిని పక్కకు మళ్లించే గట్టర్ లేదు. మూత లోపలి రబ్బరు వాషర్ పగిలి ముక్కలైంది. శీతకాలంలో ఆ మూత మీద మంచు కప్పుకుని ఉంటుంది, ఎండ వచ్చినప్పుడు కరిగిన నీరు మర వెంట లోపలికి దిగుతుంది. కొద్దిపాటి ఖరీదు చేసే వాషర్ ఒకటి మార్చకపోవడం ఈ ట్యాంకు ఆయుష్షును తినేసింది.

రసీదులు చెప్పిన సంగతి

పాత యజమాని ట్యాంకు పక్కన చెక్కకు మేకు కొట్టి, ఆయిల్ లారీవాళ్లు ఇచ్చిన రసీదులన్నీ దానికి గుచ్చి వదిలి వెళ్లాడు. లారీ మీటరు ముద్రించే ఆ చీటీల మీద తేదీ, పోసిన గాలన్లు దశాంశంతో సహా ఉంటాయి. కొత్తవాళ్లు వాటిని చెత్తలో వేయబోయి ఆగారు, అది మంచిదైంది.

ఆయిల్ కంపెనీలు ఎవరి ఇంట్లో ఎప్పుడు ట్యాంకు ఖాళీ అవుతుందో అంచనా వేసేది డిగ్రీ-డే లెక్కతో. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 65 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే ఎంత తక్కువ ఉంటే ఆ రోజుకు అన్ని డిగ్రీ-డేలు. రెండు డెలివరీల మధ్య కూడిన డిగ్రీ-డేలను, రెండోసారి పట్టిన గాలన్లతో భాగిస్తే వచ్చే అంకెను కె-ఫ్యాక్టర్ అంటారు. ఇల్లు, బాయిలర్, మనుషుల అలవాట్లు మారనంత కాలం ఆ అంకె కూడా పెద్దగా మారదు. అది పడిపోతూ వస్తే బాయిలర్ మసిపట్టి ఎక్కువ తాగుతోందనో, ఆయిల్ ఎక్కడో పోతోందనో అర్థం. ఇక్కడ చలికాలపు అంకెల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు.

వేసవి రసీదులు చూసినప్పుడు నాకు అనుమానం మొదలైంది. ఈ ఇంట్లో స్నానాల నీటికి వేరే ఎలక్ట్రిక్ హీటర్ ఉంది. పాత యజమాని మే నుంచి సెప్టెంబరు చివరి దాకా బాయిలర్‌ను స్విచ్ ఆపి ఉంచేవాడని ఇరుగుపొరుగువారు చెప్పారు. ఏప్రిల్ నెలాఖరున నిండుగా పోయించుకున్న ట్యాంకు అక్టోబరు మొదట్లో ఏమీ పట్టకూడదు, పట్టినా ఒకటి రెండు గాలన్లకు మించకూడదు. చివరి రెండు సంవత్సరాల్లో అది ఏడెనిమిది గాలన్ల చొప్పున పట్టింది. అంతకు ముందటి రసీదుల్లో అలా లేదు. ట్యాంకు అడుగున మచ్చ ఇటీవలిది, కింద నేల మీద పాత మరక లేదు. మరి ఆ ఆయిల్ ఎటు పోయింది?

చుక్కల లెక్క వేసి చూస్తే ఈ పరిమాణం ఎంత సులువుగా కళ్లు కప్పగలదో తెలుస్తుంది. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు నాలుగు లీటర్లకు పైగా పోతుంది. దాన్ని ఎవరైనా కనిపెడతారు. ఇరవై సెకన్లకు ఒక చుక్క అయితే రోజుకు పావు లీటరు కూడా ఉండదు. చలికాలంలో రోజుకు ఇరవై లీటర్లు తాగే బాయిలర్ పక్కన ఆ పావు లీటరు ఏ లెక్కలోనూ తేలదు. బాయిలర్ ఆపిన ఐదు నెలల్లో మాత్రం అదే ముప్పై లీటర్లు దాటుతుంది, అంటే సుమారు ఎనిమిది గాలన్లు. వేసవిలో బాయిలర్ ఆపేసే ఇల్లు ఏదైనా సరే, ఆపిన రోజూ, మళ్లీ వేసే రోజూ కర్ర దించి లోతు రాసి పెట్టుకుంటే, డబ్బు ఖర్చు లేని లీకు పరీక్ష అదే. ట్యాంకు పైన ఆయిల్ మట్టం చూపే గేజ్ మీది ఎర్ర బిళ్లను నమ్ముకోవద్దు. దాని లోపలి తేలుడు బిళ్ల ఇరుక్కుపోవడం మామూలే.

కాంక్రీటు కింది గొట్టం

ట్యాంకు నుంచి బయల్దేరిన రాగి గొట్టం నేరుగా కాంక్రీటు నేలలోకి దిగి, నేల కింద నాలుగైదు మీటర్లు నడిచి, బాయిలర్ పక్కన పైకి వచ్చేది. ఆ కాలంలో అందరూ అలాగే వేసేవారు. నడిచేటప్పుడు కాళ్లకు తగలదు, చూపుకు కనబడదు. ఆ గొట్టం చుట్టూ ప్లాస్టిక్ తొడుగు లేదు, ట్యాంకు దగ్గర ఆయిల్ సేఫ్టీ వాల్వ్ లేదు. పంపు పీల్చినప్పుడు మాత్రమే తెరుచుకునే ఆ వాల్వ్ ఉండి ఉంటే, గొట్టానికి చిల్లు పడినా, బర్నర్ ఆగగానే ట్యాంకులోని ఆయిల్ దాని బరువుతో చిల్లు గుండా పోతూ ఉండే అవకాశం ఉండేది కాదు. మాసచూసెట్స్‌లో 2008లో చేసిన చట్టం ప్రకారం 2011 సెప్టెంబరు 30 నాటికి ఆయిల్‌తో వేడయ్యే దాదాపు ప్రతి ఇంట్లో ఆయిల్ గొట్టానికి తొడుగైనా, లేదా ఈ వాల్వ్ అయినా ఉండి తీరాలి. 1990 తర్వాత అమర్చిన ఏర్పాట్లలో చాలావాటికి ఇవి ముందే ఉంటాయి. పాత ఇళ్లలో చేతులు మారుతూ వచ్చిన వాటిని ఎవరో ఒకరు పట్టి చూస్తే తప్ప తెలియదు.

గొట్టాన్ని రెండు కొసలా విడదీసి, ఒక కొస మూసి, రెండో కొసకు వాక్యూమ్ పంపు, గేజ్ తగిలించాను. కొన్ని నిమిషాల్లోనే ముల్లు పడిపోయింది. కొసల్లోని బిగింపుల లోపం కావచ్చునని వాటిని కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి (గొట్టం కొసను గరాటులా వెడల్పు చేసి) మళ్లీ పరీక్షించినా ఫలితం మారలేదు. గొట్టం నేల కిందే కారుతోందని తేలింది.

ఇక్కడితో నా పని పరిధి అయిపోయింది. మట్టిలోకి ఆయిల్ పోయిందన్న అనుమానం వచ్చాక, రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన సైట్ ప్రొఫెషనల్, అంటే కలుషితమైన స్థలాన్ని పరీక్షించి శుభ్రం చేయించే నిపుణుడు, రావాలి. ఇక్కడి నిబంధనల్లో ఒక రోజు వ్యవధిలో 10 గాలన్లు, అంతకు మించి ఆయిల్ బయటికి పోతే పర్యావరణ శాఖకు 2 గంటల్లోపు తెలపాలి. నెమ్మదిగా కారి మట్టిలో పరిమితి దాటిన సందర్భానికి గడువు 120 రోజులు. ఆయిల్ పడిన మట్టి 100 క్యూబిక్ గజాల లోపే ఉంటే, ఆ గడువులో ప్రొఫెషనల్ పర్యవేక్షణలో తవ్వి తీసివేసే వీలుంది. ఇంటాయన ఆ మాట వినగానే "చెప్పకుండా గొట్టం మూసేసి పైన కొత్తది వేస్తే సరిపోదా?" అని అడిగారు. భయంతో అడిగిన మాట అది, ఆయన్ను తప్పుపట్టలేను. కానీ ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉంది, నేల కింది ఆయిల్ ఆవిరి పగుళ్ల గుండా పైకి వస్తూనే ఉంటుంది, రేపు ఇల్లు అమ్మేటప్పుడు తెలిసిన విషయాన్ని దాచడం వాళ్లకే ఉరి అవుతుంది. ఇవన్నీ వివరంగా చెప్పాక ఆయనే ప్రొఫెషనల్‌కు ఫోన్ చేశారు.

గొట్టం దారి పొడవునా నేలకు రంధ్రాలు వేసి మట్టి నమూనాలు తీశారు. ఒక్క చోటే, బాయిలర్ దగ్గర గొట్టం పైకి వంగిన చోట, ఆయిల్ దొరికింది. అక్కడ కాంక్రీటు పగలగొట్టి గొట్టాన్ని బయటికి తీసినప్పుడు, వంపు బయటి వైపు రాగి పచ్చగా చిలుము పట్టి, కాంక్రీటు అంచుకు ఆనిన చోట సూదిమొనంత రంధ్రం కనిపించింది. తొడుగు లేని మెత్తని రాగి, తడి కాంక్రీటు, బర్నర్ పంపు నడిచిన ప్రతిసారీ వచ్చే సన్నని అదురు, ఈ మూడూ కలిసి దశాబ్దాల పాటు ఒకే చోటును కొరికాయి. వాసన వచ్చిన మట్టిని చేత్తో తవ్వి తీసి, గుంత అడుగు నుంచి, గోడల నుంచి మళ్లీ నమూనాలు పంపారు. అవి పరిమితి లోపు వచ్చాయి. భూగర్భజలం దాకా పోలేదు. ఆ ఇంటికి పట్టణ మంచినీరే వస్తుంది; పెరట్లో తాగునీటి బావి ఉన్న ఇల్లయితే ఈ కథ మరోలా ఉండేది.

బీమా గురించి ఒక మాట. మామూలు ఇంటి బీమాల్లో ఇలాంటి కాలుష్యానికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. అదే 2008 చట్టం, ఆయిల్ లీకుకు విడిగా కవరేజీ ఇవ్వజూపాలని మాసచూసెట్స్ బీమా కంపెనీలకు నిర్దేశించింది. కోరుకుని తీసుకోవడం మాత్రం ఇంటివాళ్ల పని, తొడుగో వాల్వో ఉన్నట్లు చూపితేనే దొరుకుతుంది. ఈ దంపతులకు అది ఉందని ఎవరూ చెప్పలేదు. మట్టి పని ఖర్చంతా వాళ్లే భరించారు, అది ట్యాంకు మార్చిన ఖర్చును మించిపోయింది. ఆయిల్‌తో వేడయ్యే ఇల్లు కొనేవాళ్లు బీమా కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఈ ఒక్క కవరేజీ గురించి అడగాలని నేను చేతులు జోడించి కోరుతున్నాను.

పాత ట్యాంకు లోపల

ట్యాంకు తొలగింపుకూ, కొత్తది పెట్టడానికీ పట్టణ అగ్నిమాపక శాఖ నుంచి అనుమతులు తీసుకున్నాం. తోడేసినా అడుగున మడ్డి మిగులుతుంది కాబట్టి, గాలి ఆడేటట్లు చేసి, మండే ఆవిరి ఎంత ఉందో మీటరుతో చూశాకే మంట, నిప్పురవ్వ లేకుండా రంపంతో పైభాగం తెరిచాం. గ్యాస్ మంటతో ట్యాంకు కోసేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. నల్లటి వెన్నలాంటి మడ్డిని గీకి డ్రమ్ములోకి ఎత్తి, రేకును శుభ్రంగా తుడిచి చూస్తే, నీరు నిలిచిన హద్దు గీత గీసినట్లు కనిపించింది. ఆ గీతకు పైన ఉక్కు నల్లగా, నున్నగా, దాదాపు కొత్తదానిలా ఉంది. కింద, వెనక మూలలో అరచేయంత మేర నారింజ రంగు బొడిపెలు. ఒక్కొక్క బొడిపె కింద ఒక గుంట. వాటిలో ఒకటి అవతలికి తేలింది, మరో మూడు నాలుగు తేలడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇంటావిడను పిలిచి చూపించాను. బయటి బూడిద రంగు పెయింట్ ఎంత నిగనిగలాడినా ఈ మూలకు అది ఏ సాయమూ చేయలేదని ఆవిడకు నేను చెప్పనవసరం లేకపోయింది.

పాత ఆయిల్‌ను కొత్త ట్యాంకులో పోయమని చాలామంది అడుగుతారు, వందల డాలర్ల సరుకు కదా అని. నేను పోయను. ఆ నీరు, ఆ సూక్ష్మజీవులు, ఆ మడ్డి అన్నీ దాంతోపాటే కొత్త ఇంటికి చేరతాయి. 2018 జూలై నుంచి ఇక్కడ అమ్మే హీటింగ్ ఆయిల్‌లో గంధకం 15 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 15కు) పరిమితమైంది, దానివల్ల బాయిలర్‌లో మసి తగ్గింది. అయితే ఆయిల్‌లో కలుపుతున్న బయోడీజిల్ నీటిని మరింత పట్టి ఉంచే గుణమున్నది కనుక, ట్యాంకులోకి నీరు రాకుండా చూసుకోవలసిన అవసరం ముందుకంటే తగ్గలేదు.

కొత్త ఏర్పాటు

ఎంపికకు వచ్చేసరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, అడుగున వాల్వ్ ఉండే ఒంటి గోడ ఉక్కు ట్యాంకు, కింద పళ్లెంతో. ఇది చవక, ఆయిల్ దాని బరువుతోనే బర్నర్‌కు చేరుతుంది, నీరు ఎప్పటికప్పుడు బయటికి వస్తుంది. రెండోది, లోపల అతుకు లేని పాలిథిలీన్ తొట్టి, బయట గాల్వనైజ్డ్ ఉక్కు తొడుగు ఉన్న రెండు గోడల ట్యాంకు. దీనికి అడుగున రంధ్రమే ఉండదు, ఆయిల్‌ను పైనుంచే తీయాలి. లోపలి తొట్టి కారినా ఆయిల్ బయటి తొడుగులో ఆగి, పైనున్న సూచిక పైకి లేచి చూపిస్తుంది. ఖరీదు ఎక్కువే. చిన్నపిల్ల ఆడుకునే బేస్‌మెంట్, ఒకసారి మట్టి తవ్వించుకున్న ఇల్లు, ఇంకా చాలా ఏళ్లు ఉందామనుకున్న కుటుంబం, వీటిని బట్టి నేను రెండోదే సూచించాను.

పైనుంచి తీసే ట్యాంకుతో ఒక చిక్కుంది. ఆయిల్‌ను పంపు పైకి లాగాలి కాబట్టి గొట్టంలో ఎక్కడ సందు ఉన్నా గాలి చేరి బర్నర్ మధ్యలో ఆరిపోతుంది, అది అర్ధరాత్రి చలిలోనే జరుగుతుంది. అందుకని బర్నర్ దగ్గర గాలిని వేరుచేసే పరికరం పెట్టాం. కొత్త రాగి గొట్టాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, సీలింగు వెంట, అందరికీ కనబడేటట్లు తీసుకెళ్లి బర్నర్ దగ్గర దించాం. కనబడే గొట్టం అందంగా ఉండదని ఇంటాయన కాస్త నొచ్చుకున్నారు. ఆ గొట్టం కనబడడమే నాకు కావలసింది. ట్యాంకు దగ్గర ఆయిల్ సేఫ్టీ వాల్వ్, బర్నర్ దగ్గర 165 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి తగిలితే దానంతటదే మూసుకునే వాల్వ్, అన్ని చోట్లా ఫ్లేర్ బిగింపులు. గొట్టం చుట్టూ రింగును నొక్కి పట్టించే కంప్రెషన్ బిగింపులకు ఆయిల్ గొట్టాల్లో అనుమతి లేదు, అయినా పాత ఇళ్లలో తరచూ దొరుకుతాయి. మీ ఇంట్లో అలాంటివి కనబడితే మార్పించండి.

ఫిల్ పైపును చూరు నీళ్లు పడని పక్క గోడకు మార్చి, మంచు పేరుకునే ఎత్తుకు పైగా లేపి, కొత్త వాషరున్న మూత బిగించాం. వెంట్ పైపులో విజిల్ కొత్తది వేశాం. లారీ ఆయిల్ పోస్తున్నంతసేపు ట్యాంకులోంచి బయటికి వచ్చే గాలి ఆ విజిల్‌ను మోగిస్తుంది. మోత ఆగితే నిండినట్లు. మోత వినిపించకపోతే లారీ మనిషి పోయడం వెంటనే ఆపాలి. వెంట్ గొట్టం నోట్లో పురుగులు గూడు కట్టి గాలి పోకపోతే, లోపల ఒత్తిడి పెరిగి ట్యాంకు అతుకులు విడిపోయే ప్రమాదం ఉంది. ఆయిల్ పోసే రోజు ఇంట్లో ఉంటే ఒకసారి బయటికి వచ్చి ఆ మోత వినమని అందరికీ చెబుతుంటాను.

బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే హీట్ పంపుకు మారితే ఈ బాధలన్నీ పోవా అని ఇంటాయన అడిగారు. మాస్ సేవ్ అనే ఇక్కడి ఇంధన పొదుపు కార్యక్రమం కింద దానికి రాయితీలు, వడ్డీ లేని రుణం ఉన్నాయి, ఆ ఆలోచన మంచిదే. కానీ జనవరిలో తాత్కాలిక ట్యాంకు మీద నడుస్తున్న ఇంటికి, ఇన్సులేషన్ తక్కువగా ఉన్న గోడలతో, ఆ మార్పు తొందరలో చేయదగినది కాదని నా అభిప్రాయం. ఎప్పుడైనా మారితే, ట్యాంకుతోపాటు ఫిల్ పైపునూ వెంట్ పైపునూ గోడలోంచి తప్పక తీయించాలి. ట్యాంకు తీసేసి బయట పైపు మాత్రం వదిలేసిన ఇళ్లలో, చిరునామా పొరబడిన లారీ వచ్చి ఖాళీ బేస్‌మెంట్‌లోకి వందల గాలన్లు పోసిన సంఘటనలు ఈ వృత్తిలో అందరికీ తెలుసు. నిమిషాల్లో ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతుంది.

తర్వాత

అగ్నిమాపక శాఖ అధికారి వచ్చి చూసి ఆమోదం ఇచ్చాక ట్యాంకు నింపించాం. నేల కింద మిగిలిన పాత గొట్టం ముక్కలను ఖాళీ చేసి, కొసలు మూసి, నేలను కొత్త కాంక్రీటుతో పూడ్చారు. సైట్ ప్రొఫెషనల్ నివేదిక, ప్రయోగశాల ఫలితాలు, మట్టి ఎక్కడికి పంపారో చెప్పే కాగితం, పాత ట్యాంకు తుక్కు యార్డుకు చేరినట్లు రసీదు, ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి ఇల్లు ఉన్నంతకాలం దాచుకోమని చెప్పాను. అమ్మేనాడు కొనేవారి లాయరు మొదట అడిగేది వాటినే.

ఏటా వేసవి చివర నేను వెళ్లినప్పుడు ఫిల్టర్ మార్చి, నాజిల్ మార్చి, బర్నర్ మంటను సరిచూస్తాను. పైనుంచి పేస్టు కర్ర దించి నీటిని చూస్తాను, సేఫ్టీ వాల్వ్ పరీక్షిస్తాను, మూత వాషర్ తడిమి చూస్తాను. రసీదుల మేకు అక్కడే ఉంది. ఇంటావిడ ఒక్కొక్క చీటీ వెనక కె-ఫ్యాక్టర్ లెక్కగట్టి పెన్సిలుతో రాస్తున్నారు. మొదటి వేసవి ఐదు నెలలకు కర్ర చూపిన తేడా పావు అంగుళం లోపే, అంటే కర్ర కొలతలో ఉండే తప్పు పరిధిలోనే ఉంది.